ఏం లేదన్న మాట

పశువుల రోగనిర్ధారణ ల్యాబులో అతనిది పద్దెనిమిదేళ్ల ఉద్యోగం. అన్నేళ్లలోనూ ఎక్కువగా చేసిన పని ఒకటే. నెత్తురు గొట్టంలో పైకి తేరిన లేత పసుపు నీటిని, అంటే సీరమ్‌ను, తెల్లటి పలక మీద ఒక చుక్క వేయాలి. పక్కనే గులాబీ రంగు మందు ఒక చుక్క వేయాలి. పుల్లతో రెండూ కలిపి, పలకను చేతిలోకి తీసుకుని నాలుగు నిమిషాలు అటూ ఇటూ మెల్లగా ఊపాలి. ఆ గులాబీ మందులో, పశువుల కడుపులో దూడల్ని పడగొట్టే రోగం తాలూకు చంపిన క్రిములుంటాయి. పశువుకి ఆ రోగం సోకి ఉంటే దాని నెత్తురు ఆ క్రిముల్ని గుర్తుపట్టి ఒకచోటికి లాగుతుంది. అప్పుడు నున్నగా ఉన్న చుక్క కాస్తా విరిగిన పాలలా పలుకులు పలుకులుగా విడిపోతుంది. సోకకపోతే నున్నగా అలాగే ఉండిపోతుంది. చూసేవాళ్లకి పిల్లలాటలా ఉంటుంది కానీ ఆ నాలుగు నిమిషాల మీదే ఒక్కోసారి ఒక కొట్టం కొట్టమంతా ఆధారపడి ఉంటుంది.

ఈ పని చూసి అతని బావ అతనికి చుక్కల డాక్టరని పేరు పెట్టాడు. ఎవరొచ్చినా సరే, "మావాడు మామూలోడు కాదండీ. మనం ఆవుకి గడ్డి వేస్తాం, వాడు చుక్కలు వేస్తాడు. ఒక్కోసారి మనకి కూడా చూపిస్తాడు చుక్కలు" అని పరిచయం చేసేవాడు.

అమ్మా నాన్నా ఏడాది తేడాలో పోయాక, అక్క పెళ్లయి వెళ్తుంటే పదకొండేళ్ల అతను కూడా ఆమె వెంట ఆ ఇంటికి వెళ్లాడు. ఇంకో ఇంట్లో అయితే ఎవరో ఒకరు ఏదో ఒక మాట అనేవాళ్లే. బావ మాత్రం మొదటిరోజే, "ఆవుని ఇస్తామన్నారు, వెనకాలే దూడ కూడా వచ్చింది. బేరం మనకే లాభం" అన్నాడు. అక్క కోపంగా చూసింది. అతను మాత్రం అమ్మ పోయాక అప్పుడే మొదటిసారి నవ్వాడు. ఆ తర్వాత ఆరేళ్లు సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బావే బడికి తీసుకెళ్లాడు. ఈ ఉద్యోగానికి దరఖాస్తు తెచ్చిందీ బావే. "పశువుల మధ్య పెరిగావు, పశువుల దగ్గరే ఉండు. మనుషులకంటే నయం, చెప్పింది వింటాయి" అన్నాడు.

అక్కావాళ్లకి తొమ్మిది ఆవులు. ఊరి చివర, రోడ్డుకి కాస్త లోపలికి రేకుల కొట్టం, దాని పక్కనే మూడు గదుల ఇల్లు. వాళ్లకి ఒక్కతే కూతురు. పాలు పిండటం, అమ్మడం, లెక్కలు అన్నీ అక్క చూసుకునేది. ఈతలూ మేతలూ కడగడాలూ బావవి. ఆవు ఈనేటప్పుడు బావ చొక్కా విప్పేసి, మోచేతిదాకా చేతులు పెట్టి దూడని లాగేవాడు. పొద్దున పొదుగు దగ్గరే గ్లాసు పట్టి, కాచని పాలు నురుగుతో సహా తాగేవాడు. "కాచితే అందులో ఆవు పోతుంది, నీళ్లు మిగులుతాయి" అనేవాడు. అలా తాగొద్దని అతను చాలాసార్లు చెప్పాడు. బావ విన్నట్టే తలూపేవాడు, మర్నాడు మళ్లీ గ్లాసు పట్టుకునేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం బావే ల్యాబుకి వచ్చాడు. చేతిలో స్టీలు డబ్బా. అందులో తడిగుడ్డలో చుట్టిన నెత్తురు గొట్టం.

"బూడిదావు ఈసుకుపోయిందిరా" అన్నాడు. నెలలు నిండకుండా కడుపులో దూడ పడిపోతే అలాగే అంటారు. "ఏడో నెల. దూడ పూర్తిగా తయారైపోయింది, వెంట్రుకలు కూడా వచ్చేశాయి. మందుల షాపతను నెత్తురు తీసిచ్చాడు. పుస్తకంలో ఎక్కించకుండా ఊరికే ఓసారి చూడు."

"ఎక్కించకుండా చూడకూడదు బావా."

"నీకు ఆవుపాలు పోసి పెంచాను, ఆ మాత్రం కూడా చూడవా?" అని నవ్వి, బయట బల్ల మీద కూర్చున్నాడు.

భోజనాల వేళ. లోపల ఎవరూ లేరు. అతను గొట్టాన్ని యంత్రంలో పెట్టి తిప్పి, సీరమ్ తీశాడు. ఫ్రిజ్‌లోంచి గులాబీ మందు సీసా తీశాడు. వాడేముందు దాన్ని బయట ఉంచి చల్లదనం పోనివ్వాలి. అతను ఆగలేదు. చుక్కలు వేశాడు, కలిపాడు, ఊపాడు. ఒక నిమిషం, రెండు, మూడు, నున్నగానే ఉంది. నాలుగో నిమిషం చివర్లో చుక్క అంచున సన్నటి ఇసుక లాంటిది కనిపించింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో చూశాడు. ఉంది. ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది.

అలాంటిది కనిపిస్తే ఏం చేయాలో అతనికి తెలియనిది కాదు. ఆ పనిలో కొత్తగా చేరినవాళ్లకి అతనే నేర్పేవాడు. "అనుమానమైనా సరే రాయాలి. మళ్లీ చేయాలి. అప్పటికీ తేలకపోతే పెద్ద పరీక్షకి పంపాలి. అనుమానం మనది కాదు, ఆవుది. దాన్ని మన దగ్గర దాచుకోకూడదు" అని చెప్పేవాడు.

కానీ అదే వారంలో పాలకేంద్రంవాళ్లు అక్క కొట్టాన్ని పాలు కొనే తమ జాబితాలో చేర్చుకోబోతున్నారు. రెండేళ్లుగా అక్క దానికోసమే తిరుగుతోంది. ఇప్పుడు అనుమానం అని ఒక్క మాట రాస్తే కొట్టానికి కాగితం వెళ్తుంది, పాలు ఆగిపోతాయి, తొమ్మిదింటికీ నెత్తురు తీస్తారు, రోగం తేలినవాటిని తోలుకుపోతారు. అతను సీసా పట్టుకుని చూశాడు. వేళ్లకి ఇంకా చల్లగా తగులుతోంది. మందు చల్లగా ఉండటం వల్లే అలా కనబడి ఉంటుంది, రేపు మళ్లీ చేద్దాం అనుకున్నాడు. పలక కడిగేశాడు.

బయటికి రాగానే బావ లేచాడు. "ఏమంటోంది నీ చుక్క?"

"ఏం లేదు బావా."

"నాకు తెలుసు. మొన్న పక్కావు కుమ్మింది, దానివల్లే అయ్యుంటుంది. అనవసరంగా మీ అక్క భయపెట్టింది" అని డబ్బా తీసుకుని, గేటు దాకా వెళ్లి చెయ్యి ఊపాడు.

మర్నాడు నాలుగు మందల నమూనాలు ఒకేసారి వచ్చి పడ్డాయి. ఆ మర్నాడు తీరలేదు. నంబరు లేని ఆ గొట్టం ఫ్రిజ్‌లో వెనక్కి, వెనక్కి జరిగింది. రెండు వారాల తర్వాత ఫ్రిజ్ శుభ్రం చేస్తూ ఆయా అడిగింది. "దీనిమీద నంబరు లేదు సార్. పారేయమంటారా?"

"పారెయ్" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు, మళ్లీ చేద్దామనుకున్న సంగతి గుర్తొచ్చింది. అది కూడా సాయంత్రానికి మరిచిపోయాడు.

ఆ తర్వాత గొర్రెల సర్వే పనిమీద అతన్ని దూరంగా పంపారు. అయిదు నెలలు. ఫోనులో అక్క అన్నీ బాగానే ఉన్నాయనేది. ఒకసారి, "మీ బావకి జ్వరం వస్తోంది, పోతోంది. ఏదో పట్టుకుంది" అంది. "డాక్టరుకి చూపించారా?" అంటే, "చూపించాం, మందులిచ్చాడు" అంది.

తిరిగి వచ్చిన వారంలో అతను అక్క ఇంటికి వెళ్లాడు. వాకిట్లో మంచం మీద బావ పడుకుని ఉన్నాడు. అతన్ని చూసి లేవబోయి, నడుము పట్టుకుని ఆగిపోయాడు. చెంపలు లోపలికి పోయాయి. మెడ దగ్గర చొక్కా చెమటకి తడిసిపోయింది.

"ఏంటి బావా ఇలా అయిపోయావు?"

"నాజూగ్గా తయారవుతున్నాను. మీ అక్కకి ఇన్నాళ్లకి నచ్చాను."

అక్క నవ్వలేదు. "పొద్దున లేస్తే మామూలుగానే ఉంటాడురా. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు కాలిపోతుంది. చెమటలకి రెండు చొక్కాలు మార్చాలి. నడుము నొప్పి, కీళ్ల నొప్పి. ముగ్గురు డాక్టర్లు మారారు, ఒకాయన దోమల జ్వరమన్నాడు, ఇంకొకాయన నీళ్ల జ్వరమన్నాడు. మూడు నెలలైంది."

సాయంత్రం వచ్చి పొద్దునకి పోయే జ్వరం గురించి అతను ఎన్ని పుస్తకాల్లో చదివాడో, ఎన్ని శిక్షణల్లో విన్నాడో. పశువుల నుంచి మనుషులకి వచ్చేవాటిలో మొదటి పేజీలో ఉండేది అదే.

"ఆవులెలా ఉన్నాయక్కా?" అని అడిగాడు. ఆ ప్రశ్న అడగడానికి చాలా బలం కావాల్సి వచ్చింది.

"ఏముంది. ఇంకో మూడు ఈసుకుపోయాయి. ఎండాకాలం కదా అనుకున్నాం. దూడ పడ్డాక మాయ పడకపోతే మీ బావే చేత్తో తీశాడు."

"పశువుల డాక్టర్ని పిలవలేదా?"

"నువ్వు చూసి ఏం లేదన్నావుగా. మళ్లీ డాక్టరెందుకు అన్నాడు మీ బావ. మావాడి కంటే ఎక్కువ తెలుసా వాళ్లకి అన్నాడు."

అతను లేచాడు. మందుల షాపు నుంచి సిరంజి తెచ్చి బావ చేతి నుంచి నెత్తురు తీశాడు. ఆరోజు సెలవు. తాళం తీయించుకుని ల్యాబులోకి వెళ్లాడు. ఈసారి గులాబీ మందు సీసాని బల్లమీద పెట్టి అరగంట కూర్చున్నాడు. గోడ గడియారం చప్పుడు వింటూ, చుక్క ఏం చెబుతుందో ముందే తెలిసినవాడిలా కూర్చున్నాడు. చుక్కలు కలిపి పలక ఎత్తాడు. నాలుగు నిమిషాలు అక్కర్లేకపోయింది. నిమిషం లోపే చుక్క ముద్దలు ముద్దలుగా విరిగిపోయింది. అయినా గడువంతా ఊపుతూనే ఉన్నాడు.

పెద్దాసుపత్రి డాక్టరు అతను చెప్పింది విని, తమ దగ్గర మళ్లీ పరీక్ష చేయించి, అవునన్నాడు. ఆ రోగమే. మందులున్నాయి, ఆరు వారాలు వాడితే చాలామందికి తగ్గుతుంది. అయితే గుండె స్కాను చూశాక ఆయన అతన్ని వరండాలోకి పిలిచి గొంతు తగ్గించాడు. "గుండె కవాటం దాకా వెళ్లిపోయింది. మూణ్ణెల్ల కింద తెలిసుంటే వేరు. మా ప్రయత్నం మేం చేస్తాం."

బావ పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. నాలుగో రోజు కాస్త తేరుకున్నట్టు కనిపించాడు. అక్క బట్టలు తేవడానికి ఇంటికి వెళ్లింది. మంచం పక్కన అతనొక్కడే ఉన్నాడు.

"నా నెత్తురు కూడా నీ పలక మీద వేశావటగా" అన్నాడు బావ.

"వేశాను."

"పుస్తకంలో ఎక్కించావా?"

"లేదు బావా. అది పశువుల పుస్తకం."

"ఎక్కించాల్సింది. ఇన్నాళ్లు వాటితో బతికాను, వాటి పక్కన ఒక నంబరుకి నోచుకోలేదా?" అని నవ్వబోయాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. నీళ్లు తాగించి, అతను గ్లాసు బల్లమీద పెట్టాడు. ఇప్పుడు చెప్పాలి అనుకున్నాడు. ఆరోజు చుక్క అంచున ఇసుక కనిపించింది బావా అని నోటిదాకా వచ్చింది.

"బావా, బూడిదావు నెత్తురు తెచ్చినరోజు..."

"ఊఁ. ఆ మధ్యాహ్నం తిండి కూడా తినకుండా నాకోసం చూశావు. మీ అక్కతో చెప్పాను, పిల్లాడు తిండి మానేసి చూశాడే అని." బావ కళ్లు మూసుకున్నాడు. "డాక్టర్లన్నారుగా ఆవుల్ని కూడా చూడాలని. నువ్వే చూడు. వేరేవాళ్లయితే వాటిని బెదరగొడతారు."

అతను దుప్పటి సరిచేశాడు. ఆ తర్వాత ఏడు రోజులున్నాయి కానీ చెప్పే రోజు ఒక్కటీ దొరకలేదు. దొరకలేదని తనకి తను చెప్పుకున్నాడు. పదకొండో రోజు మధ్యాహ్నం, నర్సు సెలైను మారుస్తుండగా, బావ ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చి మళ్లీ వదల్లేదు.

బావ పోయిన రెండు వారాలకి అక్క వంటింట్లో గిన్నెలు తోముతుంటే అతను వెళ్లి గుమ్మం దగ్గర కూర్చున్నాడు. మేనకోడలు కాలేజీకి వెళ్లింది. అతను నేలను చూస్తూ మొత్తం చెప్పాడు. సీసా చల్లదనం, కిటికీ వెలుతురు, పాలకేంద్రం జాబితా, పారెయ్యమన్న గొట్టం, ఏదీ వదల్లేదు. అక్క చేతులాగాయి. కుళాయి మాత్రం పారుతూనే ఉంది.

ఆమె అడిగింది. "ఎంతసేపు చూశావు?"

"నాలుగు నిమిషాలు."

"నాలుగు నిమిషాలు చూసి ఏం లేదన్నావు."

"నీకోసమే అనుకున్నానక్కా. ఆ జాబితా..."

"నాకోసమని అనకు." గొంతు పెంచలేదు. కుళాయి కట్టేసింది. "ఆ జాబితా పోతే పోయేది. ఇంకో రెండేళ్లు తిరిగేదాన్ని. నాకు తిరగడం కొత్తా? అనుమానంగా ఉందని ఒక్క మాట అనుంటే ఆయన చేతులు కడుక్కునేవాడు. పాలు కాచుకుని తాగేవాడు. నా మాట వినేవాడు కాదు కానీ నీ మాట వినేవాడు."

"వినేవాడు కాదక్కా. ఎన్నిసార్లు చెప్పాను..."

"అవి ఊరికే చెప్పిన మాటలు. చుక్క చూసి చెప్పుంటే వినేవాడు."

ఆమె చేతులు తుడుచుకుని కొట్టంలోకి వెళ్లిపోయింది. అక్కడి నుంచి గడ్డి దులిపే చప్పుడు వినబడింది. సాయంత్రం దాకా ఆమె లోపలికి రాలేదు.

మర్నాడు అతను పైఅధికారిణి గదిలోకి వెళ్లి ఆమెకీ చెప్పాడు. ఆమె చేతిలోని పెన్నుకి మూత పెట్టింది. "నువ్వా?" అంది. "ఇంకెవరైనా అంటే నమ్మేదాన్ని." తర్వాత ఒక తెల్లకాగితం ముందుకి జరిపింది. "రాసివ్వు. తేదీతో సహా."

రాసిచ్చాడు. విచారణ జరిగింది. ఇక పరీక్షల బల్ల దగ్గరికి వెళ్లకూడదని, ముందుగదిలో నమూనాలు తీసుకుని నంబర్లు వేసే పని చూసుకోవాలని ఉత్తర్వు వచ్చింది. అతను ముందుగదిలోకి మారాడు.

అక్క కొట్టానికి వేరేవాళ్లు వెళ్లారు. నువ్వే చూడు అన్న బావ మాట అతనికి గుర్తుంది కానీ చూసే హక్కు అతనికి లేదు. గేటు బయట నిలబడ్డాడు. తొమ్మిది ఆవుల చెవులకీ నంబర్లు కట్టి నెత్తురు తీశారు. ఏడింటికి రోగం తేలింది. వారం తర్వాత లారీ వచ్చింది. అవి బెదరకుండా ఒక్కోదాన్నీ అక్కే మెడ నిమురుతూ, పేరుపెట్టి పిలుస్తూ చెక్క మీదుగా ఎక్కించింది. బూడిదావు ఎక్కనని మొరాయించింది. అక్క దాని నుదుటికి నుదురు ఆనించి నిలబడింది. కాసేపటికి అది తలొంచి ఎక్కింది. లారీ మలుపు తిరిగాక అక్క చేతిలో ఖాళీ పలుపుతాళ్లు చుట్టుకుంటూ లోపలికి వెళ్లింది. గేటు బయట ఉన్న అతన్ని చూసింది, చూడనట్టు వెళ్లలేదు, అలాగని ఆగనూ లేదు.

అక్కకీ మేనకోడలికీ ఆసుపత్రిలో నెత్తురు పరీక్ష చేశారు. ఫలితం కాగితాలు అతనే తెచ్చాడు. "నీకు ఏం లేదక్కా. అమ్మాయికి కొద్దిగా ఉంది, మందులు వాడితే పూర్తిగా పోతుంది" అన్నాడు.

అక్క చెయ్యి చాచింది. "కాగితం ఇలా ఇవ్వు."

కళ్లజోడు పెట్టుకుని పైనుంచి కిందిదాకా చదివింది. అర్థం కానిచోట కూతుర్ని అడిగింది, అతన్ని అడగలేదు. చిన్నప్పుడు అతని మార్కుల కాగితం చదవకుండానే సంతకం పెట్టిన మనిషి.

మేనకోడలు ఆరు వారాలు మందులు మింగి కోలుకుంది. "మావయ్యా, అమ్మకి కాస్త టైమివ్వు" అని ఫోనులో అనేది. అతను ఇచ్చాడు. ఒక ఏడాది ఇచ్చాడు. అక్క పండ్ల తోటలో పనికి కుదిరిందనీ, మిగిలిన రెండు ఆవుల్నీ ఉంచుకుందనీ, పాలు కాచకుండా ఇంట్లో ఎవర్నీ తాగనివ్వట్లేదనీ మేనకోడలి ద్వారానే తెలిసేది.

ఒకరోజు పొద్దున ముందుగది కిటికీలోంచి ఒక స్టీలు డబ్బా లోపలికి వచ్చింది. తలెత్తితే అక్క. పక్కన ఎవరో నడివయసు ఆవిడ, బెరుగ్గా కొంగు పట్టుకుని నిలబడింది.

"మా వెనకవీధి ఆవిడవి. ఆరు ఆవులు. ఒకటి ఈసుకుపోయింది" అంది అక్క. "డాక్టరు చేతే తీయించాను."

అతను ఫారం తీశాడు. వయసెంత, ఎన్ని ఈతలు, ఎన్నో నెలలో పడిపోయింది అని ఒక్కోటీ అడిగాడు. ఆవిడ తడబడితే అక్క అందించింది. ఆరు గొట్టాలకీ నంబర్లు వేసి, పుస్తకంలో ఎక్కించి, సంతకానికి తిప్పాడు. అక్క ప్రతి నంబరునీ గొట్టం మీదున్న నంబరుతో వేలుపెట్టి సరిచూసింది.

"ఎల్లుండి రండి" అన్నాడు ఆవిడతో. "ఫలితం ఇంటికి కూడా పంపుతాం."

ఆవిడ వెళ్లబోయింది. అక్క కదల్లేదు. "పుస్తకంలో ఉంది, లేదు అని రెండే ఉంటాయా?"

"లేదక్కా. అనుమానం అని కూడా ఉంటుంది."

"అది రాస్తారా?"

"రాస్తారు."

"ఎవరు రాస్తారు?"

"కొత్తమ్మాయి. జాగ్రత్తగా చేస్తుంది. నేనే నేర్పాను" అనేసి, అనకుండా ఉండాల్సింది అనుకున్నాడు.

అక్క అతన్ని కాసేపు చూసింది. అతని తల సగానికి పైగా నెరిసిపోయింది. "మధ్యాహ్నం మాకు బస్సుంది. ఎల్లుండి కాగితం నేనే వచ్చి తీసుకెళ్తాను" అని మాత్రం అంది. ఖాళీ డబ్బా తీసుకుని మెట్లు దిగింది. ఆ నమూనాల్ని అతను రెండు చేతులా పట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు. పరీక్షల గది గుమ్మం దాకా వెళ్లి, బయటున్న బల్లమీద పెట్టి, తిరిగి తన కుర్చీలోకి వచ్చి కూర్చున్నాడు.